హార్డ్‌వేర్‌కు సాఫ్ట్‌వేర్ ఆధారమా?

సందేహం: వైర్‌లెస్ కమ్యూనికేషన్ పరిశోధనలో వాడే యూఎస్‌ఆర్‌పీ, హ్యాక్‌ఆర్‌ఎఫ్ వంటి పరికరాల మీద తెలుగులో వ్యాసం రాస్తూ వాటిని ‘సాఫ్ట్‌వేర్ ఆధారిత హార్డ్‌వేర్ వేదికలు’ అన్నాను. సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మీద ఆధారపడుతుంది గానీ హార్డ్‌వేర్ సాఫ్ట్‌వేర్ మీద ఎలా ఆధారపడుతుందని మిత్రుడొకరు ఆక్షేపించారు. ఇంగ్లీషు ‘సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో’ (ఎస్‌డీఆర్)కు ‘సాఫ్ట్‌వేర్ నిర్వచిత రేడియో’ అంటే సరిపోతుందా?
– ఒక పరిశోధక విద్యార్థి

సమాధానం: గిన్నెకు నెయ్యి ఆధారమా, నేతికి గిన్నె ఆధారమా అని తేల్చుకోవడానికి గిన్నె బోర్లించిన తార్కికుడి కథ మీ మిత్రుడికి తెలిసే ఉంటుంది. నిలిపి ఉంచేది ఆధారం, అందులో నిలిచేది ఆధేయం. ప్రోగ్రాం నడవాలంటే చిప్పు ఉండాలి కనుక ఈ లెక్కన హార్డ్‌వేరే ఆధారం. ఆక్షేపణ న్యాయమైనదే.

అయితే ‘ఆధారిత’ అన్నది నేటి తెలుగులో ఆ ఒక్క అర్థానికే కట్టుబడి లేదు. ‘వ్యవసాయాధారిత పరిశ్రమ’ అన్నప్పుడు ఆ పరిశ్రమ నడకకు వ్యవసాయం మూలమని అర్థం. ఈ అర్థంలో మీ విశేషణం చెల్లుతుంది. తప్పల్లా దాన్ని హార్డ్‌వేర్‌కు తగిలించడంలో ఉంది. అది రేడియోకు చెందవలసిన విశేషణం.

పాత రేడియోలో అవసరమైన తరంగాన్ని ఏరడం, మిగతావాటిని వడకట్టడం, తరంగం మీద మాటను ఎక్కించిన మాడ్యులేషన్ విప్పి దాన్ని బయటికి తీయడం అన్నీ సర్క్యూట్లే చేసేవి. ఏఎం కోసం కట్టిన సర్క్యూట్ ఎఫ్‌ఎంకు పనికిరాదు. మీరు రాస్తున్న పరికరాల్లో అనలాగ్ భాగం సంకేతాన్ని అందుకొని తక్కువ పౌనఃపున్యానికి దించుతుంది, కన్వర్టర్ దాన్ని అంకెలుగా మారుస్తుంది. ఆపైన పని చాలావరకు ప్రోగ్రాందే. ప్రోగ్రాం మారిస్తే ఎఫ్‌ఎం వినిపించిన బోర్డే విమానాలు ప్రసారం చేసే స్థాన సమాచారాన్ని చదువుతుంది. అమెరికన్ ఇంజినీర్ జోసెఫ్ మిటోలా 1990ల తొలి సంవత్సరాల్లో ప్రచారంలోకి తెచ్చిన ‘సాఫ్ట్‌వేర్ రేడియో’ అనే మాటకు సారం ఇదే. 2001లో మొదలైన జీఎన్‌యూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ప్రోగ్రాములను ఎవరైనా రాసుకునే వీలు కల్పించింది. టీవీ చూడడానికి చేసిన చవక యూఎస్‌బీ డాంగిల్ కూడా ఇందుకు పనికొస్తుందని 2012 నాటికి అందరికీ తెలిసిపోయింది.

అంటే, పరికరం ఏ రేడియోగా పనిచేయాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఎంతమేరకు పనిచేయగలదో మాత్రం హార్డ్‌వేరే తేలుస్తుంది. హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది. ఒక్కసారి చూడగలిగేది 20 మెగాహెర్ట్జ్ వెడల్పే, ఏకకాలంలో పంపడం, అందుకోవడం రెండూ చేయలేదు. ఈ హద్దులను ఏ ప్రోగ్రామూ చెరపలేదు.

మీ పదబంధాన్ని కొంత వెనకేసుకురాగల చోటు ఒకటుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ప్యాకెట్ అందిన 16 మైక్రోసెకన్లకు ‘ముట్టింది’ అన్న జవాబు బయలుదేరాలి. అంకెలు యూఎస్‌బీ గుండా కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడ ప్రోగ్రాం ఆలోచించి, జవాబు తిరిగి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. అందుకే ఇలాంటి తొందర పనులను యూఎస్‌ఆర్‌పీ వంటి బోర్డుల మీది ఎఫ్‌పీజీఏకు, అంటే లోపలి సర్క్యూట్‌ను మళ్లీ మార్చుకోగల చిప్పుకు, అప్పగిస్తారు. ఆ చిప్పు లోపలి అల్లికను మనం రాసే పాఠమే నిర్ణయిస్తుంది. అక్కడ హార్డ్‌వేర్ నిజంగానే రాతను బట్టి మారుతుంది! కానీ ఆ రాత ఆదేశాల వరుస కాదు, సర్క్యూట్ వర్ణన. ఇంజినీర్లు దాన్ని సాఫ్ట్‌వేర్ అనడానికి సాధారణంగా ఒప్పుకోరు.

ఇక ‘నిర్వచిత’. ‘వచ్’ ధాతువుకు క్త ప్రత్యయం చేరితే ‘ఉక్త’ అవుతుంది. ‘నిర్’ ముందుంటే ‘నిరుక్త’. ‘నిర్వచిత’ వ్యాకరణానికి లొంగదు. అలాగని ‘సాఫ్ట్‌వేర్ నిరుక్త రేడియో’ అంటే వేద పదాలకు అర్థం చెప్పే ‘నిరుక్తం’ రాసిన యాస్కుడు రేడియో పెట్టాడేమో అనుకుంటారు. నాకు వ్యాకరణం కన్నా అర్థంతోనే పేచీ ఎక్కువ. నిర్వచనం అంటే ఒక మాట అర్థాన్ని చెప్పడం. ఇక్కడ సాఫ్ట్‌వేర్ రేడియో అంటే ఏమిటో చెప్పడం లేదు, అది ఏం చేయాలో శాసిస్తోంది. ఇంగ్లీషు ‘డిఫైన్డ్’లో రెండు అర్థాలూ ఇముడుతాయి, మన ‘నిర్వచనం’లో ఇమడవు. ‘నిర్దేశిత లక్ష్యం’, ‘నిర్దేశిత గడువు’ అని పత్రికల్లో చూస్తూనే ఉన్నాం కనుక ‘సాఫ్ట్‌వేర్ నిర్దేశిత రేడియో’ అనండి. ‘నిర్దిష్ట’ అనవద్దు, తెలుగులో అది ‘ఫలానా’ అనే అర్థానికి స్థిరపడింది. పరాయి మాటకు సంస్కృత పదం అతికించారని వైరి సమాసం పేరుతో ఎవరైనా తప్పుపడితే పట్టించుకోనక్కర లేదు.

బల్ల మీద పెట్టుకునే బోర్డుకు ‘వేదిక’ నప్పదు. చదువరికి సభ గుర్తొస్తుంది. ‘పరికరాలు’ చాలు. వ్యాసం శీర్షికలో ‘వైర్‌లెస్ పరిశోధనకు సాఫ్ట్‌వేర్ నిర్దేశిత రేడియో పరికరాలు’ అని పూర్తిగా రాసి, లోపల ‘ఎస్‌డీఆర్’ అని వాడుకోండి. ‘వైర్‌లెస్’ను ‘నిస్తంత్రి’గా మార్చే శ్రమ పెట్టుకోవద్దు.