బిల్లు చూడని ఇంటికి సోలార్ ఎందుకు?

ఎండా గాలీ దండిగా ఉన్న దేశాలు కూడా కరెంటు కోసం గ్యాస్ కాల్చడం ఎందుకు వదలడం లేదని ఒకరు అడిగారు. అందరూ బ్యాటరీల గురించే చెబుతారు, నేను కరెంటు బిల్లు గురించి చెబుతాను. మాది పుత్తూరు దగ్గర పల్లె, కువైట్‌లో కొన్నేళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేసి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను.

కువైట్‌లో ఉండగా ఒక ఆగస్టులో ఏసీ నీళ్లు కారుతోందంటే ఒక విల్లాకు పోయాను. ఇంట్లోవాళ్లు లండన్ పోయి నెల దాటింది, ఉన్నది డ్రైవర్ ఒక్కడే, మన పీలేరు మనిషి. లోపలికి అడుగుపెడితే వణుకు పుట్టింది. హాలు, పడకగదులు, పిల్లలు ఆడుకునే గది, మనిషన్నవాడు లేని ప్రతి చోటా ఏసీ నడుస్తోంది. 'ఎవరి కోసం న్నా ఇదంతా?' అన్నాను. 'సోఫాలు, చెక్క సామాన్లు పాడైపోతాయంట న్నా, ఆపొద్దని చెప్పి పోయినారు. బిల్లు ఎంతొస్తాదో వాళ్లకే తెలీదు' అన్నాడు. బయట నిప్పులు చెరిగే ఎండ, ఆ మేడ మీద ఒక్క సోలార్ ప్యానెల్ లేదు.

ఎందుకుంటుంది? అక్కడ పౌరుల ఇళ్లకు యూనిట్ 2 ఫిల్సులు, మన డబ్బులో అర్ధ రూపాయి పైచిలుకు, 1966 నుంచీ అదే ధర. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు, అదంతా ప్రభుత్వమే భరిస్తుంది. వాడకం అలా పెరిగీ పెరిగీ, అంత చమురున్న దేశం 2009 నుంచి ఓడల్లో గ్యాస్ తెప్పించుకుంటోంది. 2024 జూన్‌లో డిమాండ్ తట్టుకోలేక కరెంటు కోతలు కూడా పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో ఖతార్‌తో ఏటా 30 లక్షల టన్నుల గ్యాస్‌కు 15 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. కువైట్‌లోనే షగాయా అనే చోట ఎండ, గాలి కలిపి కట్టిన పార్కు మొదటి దశ చూస్తే 70 మెగావాట్లే.

జర్మనీ సంగతి వేరు, అక్కడ చలికాలంలో దాదాపు సగం ఇళ్లు వెచ్చగా ఉండేది గ్యాస్‌తోనే, డిసెంబరు ఎండను నమ్ముకుని బతకలేరు. మరి సహారా ఉన్న అల్జీరియాకు ఏమైంది? కరెంటు దాదాపు అంతా గ్యాస్‌దే, ధర అక్కడా సబ్సిడీదే.

మన దగ్గరా ఇదే జబ్బు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. రైతుకు సాయం చేయొద్దని అనను, మా నాన్నా రైతే. కానీ మోటారు ఎంతసేపు తిరిగినా అడిగేవాడు లేక, మా వైపు బోర్లు వెయ్యి అడుగులకు దిగిపోయాయి. ఆ ఉచిత కరెంటుకు ప్రభుత్వం పెట్టే డబ్బుతో బోరు బోరుకూ సోలార్ పెట్టించి, మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు అమ్ముకోనిస్తే రైతు తనంతట తనే మోటారు ఆపుతాడు. నీళ్లు పగలే పెట్టుకోవచ్చు, బ్యాటరీ గొడవే లేదు. ఇందుకోసమే పీఎం కుసుమ్ పథకం 2019లో వచ్చింది, మా పల్లెలో మాత్రం ఇంతవరకు ఒక్క పొలంలోనూ ప్యానెల్ పడలేదు.