ఐఎస్‌బీఎన్ ఉన్న అచ్చు పుస్తకం ఆన్‌లైన్ రచన కంటే నాణ్యమైనదేనా?

అలాగని ఏమీ లేదు. రాతప్రతిని రచయిత కాక మరొకరు శ్రద్ధగా చదివి, నిలదీసి, దిద్దారా అన్నదే అసలు తేడా. పేరున్న ప్రచురణ సంస్థల్లో ఎడిటర్, ప్రూఫ్‌రీడర్ ఆ పని చేస్తారు కాబట్టే అచ్చుకి ఆ గౌరవం వచ్చింది, అది న్యాయమే. కానీ విజయవాడలో ఎవరైనా సొంత డబ్బుతో డీటీపీ చేయించి, కొన్ని వందల కాపీలు వేయించి, ఏలూరు రోడ్డు షాపుల్లో పెట్టించుకోవచ్చు. డీటీపీ ఆపరేటర్ ప్రూఫులో గుర్తుపెట్టిన ‘ళ’నో, ఒత్తునో మారుస్తాడు, తప్పు తేదీనీ, ఎత్తిరాసిన పేరానీ పట్టుకోవడం ఆయన పని కాదు. ఆన్‌లైన్‌లో ఆ తప్పు దొరికిన రోజే దిద్దొచ్చు, పుస్తకంలో మళ్లీ ముద్రించేదాకా ఉండిపోతుంది.

ఐఎస్‌బీఎన్ అంటే ప్రభుత్వ గుర్తింపని చాలామంది అనుకుంటారు. అది పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల నంబరు, అంతే. మన దేశంలో సొంతంగా వేసుకునే రచయితకీ ఉచితంగానే ఇస్తారు. లోపలి రాత బాగుందా లేదా అన్నది చూడరు.