వంగ ఆకుల వైశాల్యం: ఆకు తెంపకుండా కొలిచిన అనుభవం

వంగ మొక్కల ఆకులను తెంపకుండా వాటి వైశాల్యాన్ని ఎలా లెక్కగట్టాలని మీరు అడిగారు. పీజీ పరిశోధనలో మొదటి పంటకు నేను గుర్తు కట్టిన మొక్కల నుంచే పదిహేను రోజులకోసారి ఆకులు కోసి కొలిచాను. ఆ మొక్కలు పక్కవాటికంటే వెనుకబడటంతో, కనిపిస్తున్న తేడా ఎరువులదో నా కోతలదో తేల్చుకోలేక ఆ పంట లెక్కలన్నీ వదులుకోవలసి వచ్చింది.

రెండో పంటకు పొడవును వెడల్పుతో, ఆ లబ్ధాన్ని ఒక గుణకంతో (అంటే ఆ పొడవు వెడల్పుల దీర్ఘచతురస్రంలో ఆకు ఆక్రమించే వంతుతో) గుణించే పద్ధతికి మారాను. మొక్కజొన్నకు 1911లో మాంట్‌గోమరీ అనే పరిశోధకుడు సూచించిన 0.75 గుణకాన్ని కొందరు వంగకూ వాడేస్తారు, అది సరికాదు. త్రిభుజానికి 0.5, దీర్ఘవృత్తానికి 0.785 వస్తాయి కనుక వంగ వంటి ఆకు సాధారణంగా ఆ మధ్యనే ఉంటుంది గానీ, కచ్చితంగా ఎక్కడన్నది రకాన్ని బట్టి మారుతుంది.

అందువల్ల మీ రకానికి గుణకాన్ని మీరే కట్టుకోండి. నేను ప్రయోగంలో లేని అంచు వరుసల్లో చిన్నవీ పెద్దవీ కలిపి యాభై ఆకులు ఎంచుకుని, కొమ్మకు ఉండగానే కింద అట్ట, కాగితం పెట్టి పెన్సిలుతో అంచు గీశాను. ఆ బొమ్మలను కత్తిరించి తూచి, అదే కాగితంలో 100 చదరపు సెంటీమీటర్ల ముక్క బరువుతో పోల్చితే అసలు వైశాల్యం వస్తుంది. ఆ వైశాల్యాల మొత్తాన్ని పొడవు వెడల్పుల లబ్ధాల మొత్తంతో భాగిస్తే గుణకం తేలుతుంది. దానిని మరో పది ఆకులపై సరిచూసుకున్న తర్వాతే వాడాలి. ఉదాహరణకు గుణకం 0.65 అయితే, 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆకు వైశాల్యం 81.9 చదరపు సెంటీమీటర్లు.

వంగ ఆకు మొదలు రెండు వైపులా సమంగా ఉండదు. ఒక పక్క కాస్త కిందికి దిగి తొడిమను కలుస్తుంది. పొడవును ఆ కింది చోటు నుంచి కొలవాలా, పై చోటు నుంచా అన్నది ముందే నిర్ణయించుకుని చివరి వరకు అలాగే కొలవండి. వెడల్పును నడి ఈనెకు అడ్డంగా, ఆకు అత్యంత వెడల్పుగా ఉన్న చోట తీసుకోవాలి. ఎండకు వాడి ముడుచుకున్న ఆకుల వెడల్పు తగ్గుతుంది కనుక నేను ఉదయాన్నే కొలిచేవాణ్ణి.

బెండకు మాత్రం ఒకే గుణకం చాలదు: కింది ఆకులకు చీలికలు తక్కువ, పైవాటికి లోతు ఎక్కువ కాబట్టి రెండింటికీ వేర్వేరుగా కట్టాలి.