సర్పగంధి ముక్కలు నల్లబడుతుంటే

తమ్ముడూ, కావలిలో మీ ల్యాబ్‌లో సర్పగంధి అనే మందు మొక్క ఆకు ముక్కలకు, నూగు వేర్లు పుట్టించే అగ్రోబ్యాక్టీరియం రైజోజీన్స్ అనే బ్యాక్టీరియాను పట్టించి ఐదు రోజులు ఉంచితే, వేర్లు రాకముందే చుట్టూ మీగడలా బ్యాక్టీరియా పేరుకుని ముక్కలు నల్లబడుతున్నాయని రాశావు. ఐదు రోజులు చాలా ఎక్కువ, రెండు చాలు. దాని ఆర్ఐ ప్లాస్మిడ్‌లోని (విడిగా ఉండే డీఎన్ఏ వలయంలోని), వేర్లు పుట్టించే రోల్ జన్యువులు మొక్క కణంలోకి చేరాక బ్యాక్టీరియాతో మనకు పని లేదు, ఉంటే నష్టమే.

ముక్కల్ని స్టెరైల్ నీళ్లతో కడిగి, బ్లాటింగ్ పేపర్ మీద తడి బాగా అద్దెయ్. లీటరుకు 500 మిల్లీగ్రాముల సెఫొటాక్సిమ్ (బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) ఉన్న, హార్మోన్లు లేని ఎంఎస్ మీడియం (మొక్క ముక్కలకు పోషకాలిచ్చే జెల్లీ) మీద చీకట్లో పెట్టు. ఆ మందును ఆటోక్లేవ్ చేయొద్దు (ఒత్తిడి ఆవిరిలో పెట్టి స్టెరైల్ చేయొద్దు), వేడికి పాడైపోతుంది. ఫిల్టర్ చేసి, మీడియం గడ్డకట్టే ముందు కలుపు. వారానికోసారి కొత్త మీడియంలోకి మార్చు.

గది 25 డిగ్రీలు దాటనివ్వకు. మన ఎండల్లో కరెంటు పోతే కష్టం, అందుకే వీలైతే సంక్రాంతి లోపే మొదలుపెట్టు. లేత ఆకులే తీసుకుని మధ్య ఈనె మీద గాటు పెట్టు.

తెల్లగా, నూగుతో, గుబురుగా కొమ్మలేసే వేర్లు వస్తే సంతోషమే, కానీ రోల్ జన్యువుల్లో ఒకటైన రోల్‌బి వేర్లలో ఉందో లేదో పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) తప్పకుండా చెయ్. మొక్కలోకి చేరకుండా బ్యాక్టీరియాలోనే ఉండిపోయే విర్‌డి జన్యువు కూడా కనిపించిందా, బ్యాక్టీరియా ఇంకా పోలేదన్నమాట.