మీ ప్రశ్నలు – మా జవాబులు: ఉగాదిలోపు లాన్‌కి ఏం కొనాలి?

ఇంటి ముందు సెంటున్నర లాన్ ఉంది, గరిక జాతి. గడ్డి కోసే మెషీన్ కొందామంటే షాపులో బ్రష్‌కట్టర్ (చేత్తో పట్టుకుని ఊపుతూ గడ్డి కోసేది) చాలంటున్నారు. తోపుడు మెషీన్ మేలా, కరెంటుదా?
– ఒక పాఠకురాలు, కానూరు, విజయవాడ

సెంటున్నర అంటే 60 చదరపు మీటర్లు. నేల ఎగుడుదిగుడు లేకుండా ఉండి, వారానికోసారి తప్పకుండా కోస్తామనుకుంటే తోపుడు మెషీన్ కొనండి. మూడు వారాలు వదిలేసి నాలుగో వారం కోసే ఇల్లయితే అది పనికిరాదు. ఎత్తుగా పెరిగిన గడ్డి బ్లేళ్ల కింద పడుకుంటుంది తప్ప తెగదు. అలాంటివాళ్లకు కరెంటుదే మంచిది.

తోపుడు మెషీన్ కత్తెరలాగా పని చేస్తుంది. తిరిగే బ్లేళ్లు కింద ఉన్న కదలని పలకను ఒరుసుకుంటూ పోతేనే గడ్డి తెగుతుంది. డబ్బు కట్టకముందే షాపులో ఒక న్యూస్‌పేపరు ముక్క అడగండి. దాన్ని బ్లేడుకీ పలకకీ మధ్య పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పండి. వేళ్లు మాత్రం దూరంగా ఉంచండి. ఎడమ కొన, మధ్య, కుడి కొన, మూడుచోట్లా కాగితం సాఫీగా తెగాలి. ఒక పక్క తెగి ఇంకో పక్క మడతపడితే పలక ఒరిగిందన్నమాట. రెండు చివర్లా ఉండే మరలతో, ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు చొప్పున సరిచేయాలి. షాపతనికి ఈ సర్దుబాటు చేయడం రాకపోతే రేపు రిపేరు కూడా రాదు, ఇంకో షాపు చూసుకోండి.

కరెంటుదయితే 1200 నుంచి 1500 వాట్లది మీకు చాలు. దాన్ని 16 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టండి. మూడు తీగల 1.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ తీసుకుని, వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పేయండి. చుట్టమీదే ఉంటే వేడెక్కి పై తొడుగు కరుగుతుంది. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే మెషీన్ కంటే ముందు అది పెట్టించండి. కోసిన మర్నాడు గడ్డి కొనలు తెల్లగా పీచుదేలి కనిపిస్తే బ్లేడు మొద్దుబారింది, సాన పట్టించాలి.

బ్రష్‌కట్టర్ గోడ వారకీ చెట్ల మొదళ్లకీ పనికొస్తుంది. లాన్ మధ్యలో చేతి ఊపుకి ఎత్తు నిలకడగా ఉండదు. అక్కడక్కడ అర్ధచంద్రాకారంలో బోడి మచ్చలు పడి, మార్చి ఎండకి అవి కాలిపోతాయి.

ఎత్తు ఇప్పుడు అంగుళం, ఏప్రిల్ నుంచి అంగుళంన్నర. ఒక్క కోతలో మూడో వంతుకి మించి తీయకండి. మూడంగుళాల గడ్డిని ఇప్పుడు రెండుకి, అయిదు రోజులాగి అంగుళంన్నరకి, ఆ తర్వాత ఇంకోసారి దించండి. ఒకేసారి దించితే అడుగున పచ్చదనం లేని పసుపు కాడలే మిగులుతాయి.

మాది నల్లరేగడి. నిరుడు వేసవిలో నెర్రెలిచ్చి లాన్ ముక్కలైంది. ట్రాక్టరు ఎర్రమట్టి తోలించమని నర్సరీవాళ్లు అంటున్నారు. తోలించమంటారా?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

వద్దు. రేగడి మీద ఎర్రమట్టి పరిస్తే అది విడిగా ఒక పొరలాగా ఉండిపోతుంది. వేర్లు ఆ పొరలోనే తిరుగుతాయి, నీళ్లు రెండు మట్లు కలిసేచోట ఆగుతాయి. పైగా ఎర్రమట్టితోపాటు తుంగ గడ్డలు ఉచితంగా వస్తాయి.

మీరు కొనాల్సినవి మూడే: నాలుగు పళ్ల గార్డెన్ ఫోర్కు, ఇనుప పళ్ల రేక్, పెద్దకన్నాల జల్లెడ. ముందు రేక్‌తో గడ్డి మొదట్లో పేరుకున్న ఎండు పీచు లాగేయండి. సాయంత్రం బాగా తడిపి, ఒక రోజు ఆరనిచ్చి, ఫోర్కుని నాలుగంగుళాలు దించి కొద్దిగా వెనక్కి వంచి తీయండి. జానెడు దూరానికి ఒక పోటు. మట్టి ఫోర్కుకి అంటుకుని వస్తుంటే ఆగిపోండి. తడి రేగడిని తొక్కితే ఇటుకలా గట్టిపడుతుంది.

ఆ కన్నాల్లోకి రెండు పాళ్లు ఏటి ఇసుక, ఒక పాలు జల్లెడపట్టిన వర్మీకంపోస్టు కలిపి చల్లి, చీపురుతో ఊడ్చండి. అర సెంటీమీటరు మందానికి సెంటుకి 200 లీటర్లు పడుతుంది. సిమెంటు ఖాళీ సంచీతో కొలిస్తే ఆరు సంచులు. గడ్డి కొనలు పైకి కనిపిస్తూ ఉండాలి. క్రషర్ డస్ట్ ఇసుకకంటే చవక అని కలపకండి, తడికి గట్టిగా బిగుసుకుంటుంది.

నెర్రెలు ఇచ్చేది నేల పూర్తిగా ఎండినప్పుడే. రోజూ పైపైన చిలకరించే బదులు వారానికి రెండుసార్లు లోతుగా పెట్టండి. వారానికి అంగుళం నీరు అంటే సెంటుకి సుమారు వెయ్యి లీటర్లు. లాన్ మధ్యలో తిన్నటి అంచున్న స్టీలు గిన్నె పెట్టండి, అర అంగుళం నిండగానే పైపు మార్చేయండి. మే నెలలో ఇంకా ఎక్కువే కావాలి.

యూరియా వేసిన చోట చారలు చారలుగా మాడింది, వేయనిచోట పసుపుగా ఉంది. ఏ ఎరువు కొనాలి?
– ఒక పాఠకురాలు, తాడేపల్లి

యూరియానే, కాకపోతే మోతాదు చూసుకుని. సెంటుకి 200 గ్రాములు చాలు, నెలా పదిహేను రోజులకోసారి. దాన్ని రెండు కిలోల పొడి ఇసుకలో అప్పటికప్పుడు కలిపి, సగం నిలువునా సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. ఆకుల మీద తడి ఉండకూడదు, చల్లిన వెంటనే నీళ్లు పెట్టాలి. మీ చారలు గుప్పెటతో ఒకే దిక్కున చల్లడం వల్ల వచ్చినవి. 45 కిలోల బస్తా కొంటే మీ మనవల దాకా సరిపోతుంది.

పసుపు సంగతి వేరేగా చూడాలి. ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న నల్లనేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, పది రోజులకి ఇంకోసారి. పక్కన టైల్స్, గ్రానైట్ ఉంటే ముందే గోనె కప్పండి. అన్నభేది పడితే తుప్పు మరకలు పడతాయి, యాసిడ్ పోసి కడిగితే రాయి పాడవుతుంది.

తుంగకి 2,4-డి అనే కలుపు మందు కొట్టమన్నారు. పక్కనే మిరప కుండీలు ఉన్నాయి, ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, గోరంట్ల, గుంటూరు

కొట్టకండి. అది వెడల్పాకుల కలుపుకి. తుంగ పైన కాస్త వాడినా అడుగు గడ్డలు చావవు. గాలికి కొట్టుకొచ్చిన తుంపరకే మిరప, టమాటా, పత్తి ఆకులు మెలితిరుగుతాయి. ఆ స్ప్రేయర్‌ని సరిగా కడగకుండా తర్వాత మిరపకి వాడినా ఇదే గతి. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందయితే తుంగతోపాటు గరికనీ చంపుతుంది.

రెండు మూడు సెంట్లకి గునపమే మందు. తుంగని పైన పట్టి పీకితే కాడ తెగి, గడ్డ కింద ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు పక్కన గునపం దించి లేపితే గొలుసులాగా ఒకదాని వెంట ఒకటి నల్లటి గడ్డలు వస్తాయి. వాటిని కంపోస్టు గుంటలో వేయకండి, ఎండబెట్టి కాల్చేయండి. వారం వారం మొలకలొచ్చినచోట మళ్లీ తవ్వాలి, వర్షాకాలం దాకా.

ఆన్‌లైన్‌లో కెంటకీ బ్లూగ్రాస్ విత్తనాలు చూశాం. ఖాళీ మచ్చల్లో చల్లవచ్చా?
– ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

అది చలిదేశాల గడ్డి. మొలిచినా మే నెల దాటదు. మీ లాన్‌లోనే దట్టంగా ఉన్న మూల నుంచి తీగలు ఆరంగుళాల ముక్కలుగా కోసి, ఖాళీలో నాలుగంగుళాల ఎడంతో రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటి కాలితో అదమండి. రెండు వారాలు రోజూ తడపండి.