ఖాళీ అని రాసే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. దుబాయ్, ఒమన్, జోర్డాన్ పన్నెండు రోజుల్లో తిరిగొచ్చి, నెల తిరక్కుండా ఇంత రాశావంటే నీలో రాయాలన్న ఆకలి గట్టిగానే ఉంది. దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

"ఇంకేం కలిపితే ఇది పుస్తకం అవుతుంది అక్కా?" అని అడిగావు. కలపడం సంగతి తర్వాత చూద్దాం. నీ పేజీల్లో 'శూన్యం' అన్న మాట పదకొండు చోట్ల ఉంది. 'అనంతం' ఏడు చోట్ల, 'ఇసుక సముద్రం' నాలుగు చోట్ల ఉన్నాయి. అన్నిటికీ సున్నా చుట్టాను. అవి చెడ్డ మాటలని కాదు. ఎడారి మొహం చూడనివాడు కూడా ఇంట్లో కూర్చుని రాయగలిగే మాటలు అవి. నువ్వు వెళ్లి చూసొచ్చావు. చూడనివాడికి దొరకనిది నీ దగ్గర ఉండాలి. ఉంది కూడా. "ఇసుకలోకి వెళ్లే ముందు డ్రైవర్ బండి దిగి నాలుగు టైర్లలోనూ కొంత గాలి తీసేశాడు. ఆ సుయ్‌మనే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు" అని జోర్డాన్ ఎడారి వాదీ రమ్ దగ్గర రాశావే, ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టాను. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడిపోదు. ఆ ముక్క ఆయన్ని అడిగి రాసి ఉంటే చదివేవాడు కూడా నీతోపాటు ఆ బండిలో ఎక్కి కూర్చునేవాడు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఇది ఎప్పుడో రాయాల్సింది, ఇప్పటిదాకా రాయలేదు.

2003 నుంచి తొమ్మిదేళ్లు మేము మస్కట్‌లో ఉన్నాం. మావారి ఉద్యోగం అక్కడ, ఇల్లు రువీలో. రెండో ఏడు చలికాలంలో మొదటిసారి ఇసుకల్లోకి వెళ్లాం. ఇప్పుడు షర్ఖియా ఇసుకలు అంటున్నారు. మేమున్నప్పుడు అందరూ వహీబా ఇసుకలు అనేవాళ్లు, అక్కడి బనీ వహీబా తెగ పేరు మీద. పన్నెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ ఉండి వచ్చి ఇక్కడి వారపత్రికకు వ్యాసం పంపాను. 'చెట్టూ చేమా లేని ఆ ఇసుక ప్రపంచంలో' అని మొదలుపెట్టాను. అచ్చయింది. స్నేహితులు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు.

రెండు నెలలకు పత్రిక ఆఫీసు మీదుగా ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన జగిత్యాల వైపు మనిషి. ఆ ఇసుకల అంచునున్న బిదియా దగ్గర ఒక మజ్రాలో, అంటే తోటలో, పని చేస్తున్నాడు. సెలవు నుంచి తిరిగొచ్చిన వాళ్లెవరో తెచ్చిన పత్రికలో నా వ్యాసం చదివాడట. "మేడం, చెట్టు చేమ లేదని రాసిండ్రు. ఫోటోల మీరు కూసున్నది జమ్మి చెట్టు కింద. ఈడోళ్లు గాఫ్ అంటరు. మేం దసరాకు పంచుకునేది దీని ఆకే" అని రాశాడు.

ఫోటో తీసి చూసుకున్నాను. నిజమే. చెట్టు నీడన కూర్చుని, ఆ నీడలోనే నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, చెట్టు లేదని రాశాను. ఎడారి అంటే ఇలా ఉండాలని ఇంటి దగ్గరే అనుకుని వెళ్లడం వల్ల, కళ్ల ముందు ఉన్నది కంటికి ఆనలేదు.

ఆ గాఫ్ మన జమ్మే, తమ్ముడూ. పోలిక కాదు, అదే జాతి చెట్టు. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, యుఏఈకి జాతీయ వృక్షం గాఫ్. పాండవులు ఆయుధాలు దాచారని మనం చెప్పుకునే చెట్టు కింద అక్కడి బెదూలు, అంటే ఎడారిలో తిరిగే తెగలవాళ్లు, ఒంటెలు కట్టుకుంటారు, కొమ్మలు వంచి మేకలకు మేపుతారు. దాని వేరు ఎంతో లోతుకు వెళ్లి నీళ్లు పట్టుకుంటుంది. ఆ ఇసుకల తూర్పు వైపున గాఫ్ చెట్ల అడవే ఉంది. 1985, 86ల్లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ వాళ్లు వచ్చి ఆ ఇసుకలను పరిశోధించి నూట యాభై రకాల మొక్కలను లెక్క తేల్చారు. నూట యాభై! నేను ఒక్కటి కూడా లేదన్నాను.

మరుసటి చలికాలం ఆ మజ్రా వెతుక్కుంటూ వెళ్లాం. ఆయన మమ్మల్ని తెల్లవారకముందే లేపాడు. కప్పుకున్న దుప్పటి తడిసి ఉంది. వాన లేదు, ఏమీ లేదు. అరేబియా సముద్రం మీంచి వచ్చే తేమ రాత్రిపూట మంచై దిగుతుంది, అక్కడి పురుగూ పుట్రా చాలావరకు దాని మీదే బతుకుతాయి. ఇసుక మీద రాత్రంతా ఎవరెవరు తిరిగారో జాడలు చూపించాడు: ఇది పేడపురుగు, ఇది బల్లి, ఇది నక్క. ఎండెక్కి గాలి లేచేసరికి అన్నీ చెరిగిపోయాయి. నువ్వు ఎనిమిదింటికి లేచానని రాశావు. ఇంకోసారి వెళ్తే నాలుగింటికి లే.

మాటల సంగతి ఒకటి చెప్పాలి, నాకు బాగా ఇష్టమైన సంగతి. అరేబియా దక్షిణాన ఉన్న పెద్ద ఇసుక ఎడారి 'రుబ్ అల్ ఖాలీ' గురించి రెండు పేజీలు రాశావు. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగం కావు. ఆ పేరులోని 'ఖాలీ'యే ఉర్దూ మీదుగా మనింటికొచ్చిన 'ఖాళీ'. రుబ్ అంటే నాలుగో వంతు. ఖాళీగా ఉన్న పావు భాగం అన్నమాట. కానీ అందులో ఒంటెలతో తిరిగిన బెదూలు దాన్ని అలా పిలవలేదు, ఉత్తినే 'ఇసుకలు' అన్నారు. ఏ బావి నీళ్లు ఉప్పన, ఏ బావి నీళ్లు ఒంటె మాత్రమే తాగుతుంది అనేది వాళ్లకు తెలుసు. అది తెలిసినవాళ్లకు ఆ చోటు ఖాళీగా ఎలా కనిపిస్తుంది? నువ్వు ఎవరి వైపు నిలబడి రాస్తున్నావో ఒకసారి చూసుకో.

అందుకే ఎడారి ఊళ్లోకి అడుగు పెట్టగానే సూర్యాస్తమయం ఎక్కణ్నించి బాగా కనిపిస్తుందని కాదు, నీళ్లు ఎక్కణ్నించి వస్తాయని అడుగు. ఒమన్‌లోని నిజ్వా కోట మీద నువ్వు ఐదు పేజీలు రాశావు. శుక్రవారం మేకల సంత మీద రాసింది కూడా బాగుంది, మేకలను తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటే కొనేవాళ్లు పళ్లు చూడటం, పొదుగు తడమటం అన్నీ కళ్లకు కట్టాయి. కానీ ఆ ఊరి పక్కనే పారే ఫలజ్ దారిస్ గురించి 'ఒక కాలువ' అని వదిలేశావు.

ఆ ఒక కాలువను చూడటానికి నేను నాలుగుసార్లు వెళ్లాను. ఫలజ్ అంటే నేల లోపలి ఊటనో, కొండ నీళ్లనో, వాదీ, అంటే వాగు, నీళ్లనో ఏ మోటారూ లేకుండా కేవలం వాలు మీద మైళ్ల దూరం నడిపించుకు వచ్చే కాలువ. ఒమన్‌లో మూడు వేల దాకా ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, దారిస్ అందులో ఒకటి. నీళ్లు ఊరికి రాగానే మొదట తాగడానికి పట్టుకునే చోటు ఉంటుంది. దాని కిందే మసీదు, స్నానాల గదులు, తర్వాత ఖర్జూరపు తోటలు. పై నుంచి కిందికి నీళ్ల వాడకానికి ఒక వరస ఉంది, దాన్ని ఎవరూ దాటరు. తోటలకు వంతు కాలాన్ని బట్టి. ఒక వంతును అథర్ అంటారు, ఇంచుమించు అరగంట. పగలు నేలలో పాతిన కర్ర నీడ ఏ గీత మీదికి వచ్చిందో చూసి, రాత్రి ఏ చుక్క పొడిచిందో చూసి ఒకరి మడవ కట్టి ఇంకొకరి మడవ తెరిచేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల గడియారాలు వచ్చేశాయి. ఈ వంతులు చూసే మనిషిని ఆరిఫ్ అంటారు. మన చెరువుల కింద నీరటి ఉండేవాడే, తూము దగ్గర నిలబడి ఎవరి పొలానికి ఎంతసేపో చెప్పేవాడు, అచ్చం ఆయనే. మా తాతగారి ఊళ్లో నీరటి మాట మీద జరిగిన గొడవలూ, తీరిన గొడవలూ చిన్నప్పుడు చూసినదాన్ని కాబట్టి ఆ కాలువ గట్టు మీద కూర్చుంటే నాకు పరాయి దేశం అనిపించలేదు. నీ ఊళ్లో నీళ్ల సంగతి నీకు తెలిస్తే అక్కడి నీళ్లు నీతో మాట్లాడతాయి.

చిన్న తప్పు ఒకటి, ఇప్పుడే దిద్దుకో. ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు. ఇంకో మాట, ఎడారి దేశమంతా ఇసుకే అన్నట్టు రాశావు. ప్రపంచంలోని ఎడారుల్లో ఇసుక ఉన్నది ఐదో వంతు మాత్రమే, మిగిలినది రాయి, కంకర, కొండ, ఉప్పు నేల. మస్కట్ నుంచి నిజ్వా దాకా నువ్వు కారులో చూసిన ఆ గోధుమరంగు కొండలు కూడా ఎడారే. కారు కిటికీలోంచి 'దారంతా బోరు' అని రాసిన ఆ గంటన్నరలో ఒక అధ్యాయం ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇరవై ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది. "రాత్రి క్యాంపులో మాకు టీ ఇచ్చినాయన తెలుగాయన అని తెలిసి ఆశ్చర్యపోయాం, నిజామాబాద్ అట." అంతే. తర్వాతి వాక్యం నక్షత్రాల మీదికి వెళ్లిపోయింది, మూడు పేజీల పాటు.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నువ్వు డబ్బు కట్టి ఒక రాత్రి చూసిన ఇసుకను ఆయన ఎన్నేళ్లుగా చూస్తున్నాడు? వేసవిలో టూరిస్టులు రాకపోతే ఆయనకు పని ఎక్కడ? బతాకా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, ఎవరి పూచీ మీద ఉంది, అర్బాబ్, అంటే యజమాని, ఎలాంటివాడు? జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నియమం ఉంది. బయట పని చేసిన రోజుల్లో ఆ మూడు గంటలూ ఆయన ఎక్కడ కూర్చునేవాడు? జమ్మి కిందేనా? ఆయనకు ఎడారి అంటే ఏమిటి? మన భాషలో ఎడారి గురించి తెలిసినవాళ్లు నీలాగా నాలాగా తిరిగొచ్చినవాళ్లు కాదు. వాళ్లు జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమ ఊళ్లలో ఉన్నారు. మజ్రాల్లో, ఒంటెల దొడ్లలో, ఇళ్లల్లో ఏళ్ల తరబడి పని చేసి వచ్చారు. వాళ్లెవరూ యాత్రా వ్యాసాలు రాయలేదు.

కోనసీమలో మా దూరపు బంధువు ఒకావిడ ఉండేది. 1990లో కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చాక బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరుకుని, అక్కడి గుడారాల్లో రోజుల తరబడి ఎదురుచూసి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో వచ్చింది. అలా అప్పుడు లక్షా డెబ్భై వేల మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చారు. ఆవిడను నేను అడిగితే ఇసుక గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సీసా మూతతో నీళ్లు కొలిచి పిల్లలకు పోసిన సంగతి చెప్పింది. పక్క గుడారంలోని మనిషి చెప్పులు ఇచ్చిన సంగతి చెప్పింది. నువ్వు అమ్మాన్ విమానాశ్రయం గురించి రాశావు కదా, డ్యూటీ ఫ్రీ దుకాణాల గురించి. నీది తప్పని అనను, నీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆ పేజీ మళ్లీ చదువుకో.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు అసలు పేరు, క్యాంపు పేరు, ఊరు ఏదీ పెట్టకు. నీకు అది ఒక అధ్యాయం, ఆయనకు ఉద్యోగం. ఖల్లివెల్లి అయిపోయినవాళ్లు, అంటే కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లు, నమ్మి ఏదైనా చెప్తే అది రాయొచ్చా అని వాళ్లనే అడుగు. వద్దంటే వదిలెయ్, ఎంత గొప్ప సంగతైనా సరే. ఏడిపించి రాబట్టకు. ఇంట్లోని ఆడవాళ్ల ఫోటోలు అడక్కుండా తీయకు. ఫింజాన్‌లో, అంటే పిడి లేని చిన్న కప్పులో, కాఫీ పోస్తే కుడిచేత్తో అందుకో, చాలనుకుంటే కప్పును కొంచెం అటూ ఇటూ ఆడించి ఇవ్వు. లేకపోతే వాళ్లు పోస్తూనే ఉంటారు. ఇవన్నీ పద్ధతులే కాదు, కాసేపు కూర్చోనిస్తారు, మాట్లాడనిస్తారు. రాయడానికి కావలసింది ఆ కాసేపే.

నోట్సు ఆ రాత్రే రాసుకో, ఫోన్లో ఫోటోలు ఉన్నాయి కదా అని వదిలేయకు. తడిసిన దుప్పటి ఫోటోలో తెలియదు. మధ్యాహ్నం పెదవి మీద ఉప్పు, సాయంత్రానికి చెవుల్లో ఇసుక, రాత్రి రెండింటికి వేసిన చలి, ఇవి వారం తిరిగేసరికి నీ ఒంట్లోంచి కూడా పోతాయి.

నక్షత్రాల మీద రాసిన మూడు పేజీలూ ప్రస్తుతానికి పక్కన పెట్టు, చింపేయకు. ఇరవై ఆరో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఆయన నంబరు తీసుకున్నానని చివర్లో రాశావు, అది చదివి నాకు చాలా సంతోషమైంది. శుక్రవారం నమాజు అయ్యాక చెయ్యి, అప్పుడు కాస్త తీరిక దొరకొచ్చు. అక్కడ మనకంటే గంటన్నర వెనక, అది చూసుకుని చెయ్యి. ముందు రోజే ఒక మెసేజ్ పెట్టు. టీ బాగుందని చెప్పు.

మీ అక్క