చిక్కుడు జాతి పంటలకు నేలలోని సూక్ష్మజీవులు ఎలా తోడ్పడతాయి?

నత్రజని ఎరువును తగ్గించి, సూక్ష్మజీవుల సాయంతో చిక్కుడు జాతి పంటలను పండించవచ్చా అన్న ప్రశ్నకు అవుననే చెప్పాలి. అయితే పంటకు తగిన బ్యాక్టీరియాను ఎంచుకోవడంపైనే ఫలితం ప్రధానంగా ఆధారపడి ఉంటుంది.

రైజోబియం బ్యాక్టీరియా వేళ్లపై బుడిపెలను ఏర్పరచి, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క తయారుచేసిన పిండిపదార్థాలను తీసుకుంటుంది. ఈ మార్పును జరిపే నైట్రోజినేజ్ ఎంజైము ఆక్సిజన్ ఎక్కువైతే పాడవుతుంది కనుక, ఆ ఆక్సిజన్‌ను అదుపులో ఉంచే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం బుడిపెలలో ఉంటుంది. అందుకే పూత దశలో ఒక బుడిపెను కోసి చూడడం మంచి పరీక్ష: లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టు, ఆకుపచ్చగా ఉంటే దాని పని ముగిసినట్టు.

సోయాచిక్కుడుకు సరిపడే బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా ఫ్రెంచి చిక్కుడుకు పనికిరాదు. పైగా ఫ్రెంచి చిక్కుడు నత్రజని స్థిరీకరణలో, అంటే గాలిలోని నత్రజనిని ఇలా అమ్మోనియాగా మార్పించుకోవడంలో, కాస్త బలహీనమైన పంట కనుక, దానికి ఎరువును పూర్తిగా మానేయమనడం నా దృష్టిలో తొందరపాటే. అలాగని నత్రజనిని అధికంగా వేస్తే బుడిపెలు ఏర్పడడమే తగ్గిపోతుంది.

బ్యాక్టీరియా పట్టించిన విత్తనాన్ని నీడలో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా విత్తాలి. ఎండ, కొన్ని శిలీంద్రనాశకాలు ఆ బ్యాక్టీరియాను చంపేస్తాయి. బాగా ఆమ్లత్వం ఉన్న నేలకు ముందుగా సున్నం వేయడం అవసరం. స్థిరీకరణకు భాస్వరం కూడా ఎక్కువగానే కావాలి. వేళ్లకు అందని దూరం నుంచి దాన్ని తెచ్చిపెట్టేవి మైకోరైజా శిలీంద్రాలు, వాటి పోగులు తెగిపోకుండా దుక్కులు తగ్గించడం మేలు.